వంతెన వచ్చినప్పుడు చూద్దాం

నాకు ఇంగ్లీషు జాతీయాల మీద పగేమీ లేదు. ఒక్కదాని మీదే ఉంది. ‘వియ్ విల్ క్రాస్ ద బ్రిడ్జ్ వెన్ వియ్ కమ్ టు ఇట్’ అని ఎవరైనా నా ఎదురుగా అన్నారంటే ఒళ్ళు మండిపోతుంది. అన్నవాళ్ళు పాపం ఏమీ ఎరగరు, మాటవరసకి అంటారు. నా చేతిలో గిన్నె ఉంటే మాత్రం దాన్ని ఠపీమని కింద పెట్టేస్తాను. మా ఇంట్లో ఇప్పుడా మాట ఎవరూ అనరు.

నిజానికి దాని అర్థం చాలా మంచిది. వంతెన దగ్గరికి వెళ్ళాక దాటడం సంగతి ఆలోచిద్దాం, ఇక్కణ్ణించే గుండెలు బాదుకోవడం ఎందుకు అని. రాని కష్టానికి ముందుగా దిగులుపడకు అని. మా నాన్నగారు పదో క్లాసు పిల్లలకి అలాగే చెప్పేవారు. ఆయన మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. మా ఊరు ముక్తేశ్వరం రేవుకి మైలు దూరం. రేవులో పడవెక్కి గోదారి పాయ గౌతమి దాటితే అవతల కోటిపల్లి, అక్కడ బస్సెక్కితే కాకినాడ. కాలవల మీద మాకు వంతెనలు బోలెడు. గౌతమి మీద మాత్రం మా వైపు లేదు.

నాకు పదేళ్ళప్పుడు ఆయన నాకీ జాతీయం నేర్పారు. మా అమ్మ అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయింది. ఇంట్లో బామ్మ, నాన్నగారు, నేను. సాయంత్రం అరుగు మీద కూచోబెట్టి రోజుకొకటి చెప్పేవారు. ముందు అర్థం, తర్వాత ప్రయోగం. ప్రయోగమంటే మన సొంత వాక్యంలో పెట్టి చూపించాలి. పుస్తకంలో వాక్యం అప్పజెబితే ఒప్పుకునేవారు కాదు.

“మరి అక్కడ వంతెన లేకపోతే నాన్నగారూ?” అని అడిగాను.

“ఉంటుందనుకోవడమేనమ్మా దాని అర్థం,” అన్నారాయన.

నేను తల ఊపేశాను. పదేళ్ళ పిల్లని, ఇంకేం అడుగుతాను! ఆయన ఆ మాట వాడే తీరు మాత్రం పెద్దయ్యేకొద్దీ నాకు అర్థమవుతూ వచ్చింది. పెంకుటింటి మీద దూలం పుచ్చిపోయిందిరా అని బామ్మ మొత్తుకుంటే అదే మాట. నన్ను కాలేజీలో చేర్పిస్తారా అని నేనడిగితే అదే మాట. ఆయన గట్టిగా కాదనే మనిషి కాదు. అవునని కూడా అనేవారు కాదు. ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్కా అని, ఉత్తరీయం దులుపుకుని లేచి వెళ్ళిపోయేవారు. ఆయన్ని తిట్టడానికి కూడా మనకి సందు దొరికేది కాదు.

నేను అమలాపురం కాలేజీలో చేరానంటే అది బామ్మ చలవే. మూడేళ్ళు బస్సులో ఒక్కదాన్నీ వెళ్ళొచ్చాను. ఆ మూడేళ్ళలోనే నాన్నగారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి. మొదట్లో పేపరు దూరంగా పెట్టుకుని చదివేవారు. తర్వాత దగ్గరగా పెట్టుకున్నారు. ఆ తర్వాత “ఆ హెడ్డింగులు చదువమ్మా, కళ్ళు మండుతున్నాయి,” అనడం మొదలుపెట్టారు. మా పెదనాన్నగారికి అలాంటి ఆపరేషన్లోనే ఒక కన్ను పోయింది. అంచేత ఆసుపత్రి మాట ఎత్తితే మా నాన్నగారు ఏమనేవారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

స్కూల్లో ఎవరికీ తెలియనివ్వలేదు. పాఠాలన్నీ ఆయనకి నోటికి వచ్చు. బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసేవారు. పిల్లల పేపర్లు మాత్రం ఇంటికి తెచ్చేవారు. నేను జవాబులు పైకి చదివేదాన్ని, ఆయన కళ్ళు మూసుకుని విని మార్కు చెప్పేవారు. ఎర్ర పెన్సిలుతో మార్కూ, టిక్కూ నేను పెట్టేదాన్ని. ఆయన టిక్కుకి తోక కొంచెం పైకి తిరిగి ఉంటుంది. అచ్చం అలాగే పెట్టడం వారం రోజులు కూచుని నేర్చుకున్నాను. ఆ ఏళ్ళలో మా స్కూలు పిల్లల పేపర్ల మీద ఇంగ్లీషు టిక్కులన్నీ నావే. ఈ సంగతి నాకూ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. బామ్మకి కూడా తెలియదని అనుకునేవాళ్ళం.

నేను బి.ఏ. పాసయ్యాను. కాకినాడలో బి.ఎడ్.కి దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది! పోస్టుమాన్ ఇచ్చిన ఉత్తరం వీధిలోనే చించి చదివేశాను. వచ్చే సోమవారం సాయంత్రం నాలుగు గంటల్లోగా సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకపోతే సీటు తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తాం అని రాశారు. నాకు టీచరునవ్వాలని ఉండేది. దొంగచాటుగా ఇంకొకరి టిక్కులు పెట్టడం కాదు, నా క్లాసులో నా టిక్కులు పెట్టుకోవాలని. ఆ వేళ నేను ఇంట్లో నడవలేదు, ఎగిరాను.

నాన్నగారు ఉత్తరం చేత్తో పట్టుకుని, మడిచి, మళ్ళీ నాకే ఇచ్చి, “సంతోషం తల్లీ,” అన్నారు. “మరి వెళ్ళనా?” అంటే ఇంగ్లీషులో ఆ మాటే అన్నారు.

“వంతెన వచ్చేసింది నాన్నగారూ! సోమవారమే!” అన్నాను. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

బామ్మ మాత్రం నడుం కట్టింది. అయితే సోమవారం తూర్పుకి వారశూలట. ఆ రోజు తూర్పుకి బయల్దేరితే పని చెడుతుందని ఆవిడ పట్టుదల. కాకినాడ మాకు తూర్పే. శనివారం కూడా అంతే. ఆదివారం వెళ్తే కాలేజీ ఉండదు, హాస్టలు తలుపు తియ్యరు, కాకినాడలో మాకు తెలిసిన గడప ఒక్కటీ లేదు. ముందే వెళ్దామంటే శనివారానికల్లా పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చెయ్యాలి, అవి నేను లేకుండా దిద్దే దారి లేదు.

“ప్రస్థానం పెట్టేద్దాం,” అంది బామ్మ.

మంచిరోజున మనం బయల్దేరలేకపోతే మన బదులు మన సంచీని బయల్దేరదీస్తారు. ముహూర్తానికి అది గడప దాటి ఇంకొకళ్ళ ఇంట్లో కూచుంటుంది. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. అయిదు రోజుల్లోగా మనం వెళ్ళి సంచీ అందుకుని, అట్నించి అటే వెళ్ళిపోవాలి. సంచీ మాత్రం వెనక్కి ఇంటికి రాకూడదు. వచ్చిందంటే ప్రయాణం మానుకున్నట్టే. మళ్ళీ దాన్ని పట్టుకుని కదిలితే ప్రాణం మీదికి వస్తుందని బామ్మ బెదిరించేది.

గురువారం పొద్దున్న సంచీ సర్దాం. నేను ఒక పాత చీర, పసుపు, గుప్పెడు బియ్యం పెట్టి మూతి కట్టబోయాను.

“ఇవేం ప్రస్థానమే నీ మొహం! అసలైనవి పెట్టు. ఉత్తి గుడ్డముక్క పెడితే ప్రయాణం కూడా ఉత్తిదే అవుతుంది. నీ సర్టిఫికెట్లేవీ?” అంది బామ్మ.

నాకూ ముచ్చటేసింది. సర్టిఫికెట్లూ, కాలేజీ ఉత్తరమూ చీర మడతల్లో పెట్టి మూతి బిగించాను. బి.ఏ. చదివినదాన్ని, నాకైనా బుద్ధుండాలి కదా! ఆ సంచీని రేవు ఒడ్డున ఉన్న మా చిన్నబామ్మగారింట్లో, అంటే బామ్మ చెల్లెలింట్లో, దేవుడి గూటి కింద పెట్టి వచ్చాను. గట్టు మీద నడిచి వస్తుంటే, నాలో సగం అప్పుడే పడవెక్కేసినట్టు అనిపించింది. ఆ నాలుగు రోజులూ నేను ఇంట్లో ఉన్నాను గానీ ఉన్నట్టు లేను.

శుక్ర, శనివారాలు పేపర్లు దిద్దాం. నేను చదవడం, ఆయన మార్కు చెప్పడం. మధ్యలో ఒకసారి నాన్నగారు ఆగి, “ఈ పిల్లకి ఎంత ఇచ్చేమన్నావు?” అని అడిగారు. నేనింకా జవాబు చదవనే లేదు. ఆయన మనసు అక్కడ లేదని నాకు తెలిసింది. రిటైరవడానికి ఆయనకింకా రెండేళ్ళుంది. నేను వెళ్ళిపోతే ఈ పేపర్లు ఎవరు చదువుతారు? నేను అడగలేదు. ఆయనా ఎత్తలేదు. ఇద్దరం మంచి చెయ్యి తిరిగిన దొంగల్లా తలలు వంచుకుని పని ముగించాం.

సోమవారం ఎనిమిదిన్నర పడవకని బయల్దేరాను. నాన్నగారు అప్పటికే స్కూలుకి వెళ్ళిపోయారు. అంత పొద్దున్నే ఎందుకు వెళ్ళారని బామ్మని అడిగితే, “నిన్ను సాగనంపడం చేతకాక పారిపోయేడు వెధవ,” అంది కళ్ళొత్తుకుంటూ. నాకు ఆయన మీద జాలేసింది. జాలి!

చిన్నబామ్మగారు వాకిట్లో ముగ్గేస్తోంది. నన్ను చూసి ముగ్గుచిప్ప పట్టుకునే నిలబడిపోయింది.

“అదేంటే, నువ్వొచ్చేవేంటి? ప్రయాణం మానుకున్నారు కదా!”

“ఎవరు మానుకున్నారు?”

“నిన్న సాయంత్రం మీ నాన్న వచ్చేడుగా. సంచీ పట్టుకెళ్ళేడు. ‘ప్రయాణం ఆగిపోయింది పిన్నీ, సంచీ ఇచ్చెయ్యండీ’ అన్నాడు. ఇచ్చేశాను. నాకేం తెలుసే తల్లీ!”

దేవుడి గూటి కింద ఖాళీగా ఉంది. రేవులో పడవవాడు “కోటిపల్లి, కోటిపల్లి” అని కేకలేస్తున్నాడు. నేను ఎక్కాల్సిన పడవ. సర్టిఫికెట్లు లేకుండా ఎక్కి ఏం చెయ్యను? ఒడ్డున నిలబడి దాన్ని వెళ్ళనిచ్చాను. మా నాన్నగారు పురుగుకి కూడా హాని చెయ్యరని ఊళ్ళో పేరు. మసక చూపుతో, కాలితో గట్టు తడుముకుంటూ మైలు దూరం నడిచి వచ్చి, నా ప్రయాణాన్ని చంకలో పెట్టుకుని పట్టుకుపోయారు. వెనక్కి తెచ్చిన సంచీతో బామ్మ నన్ను గడప దాటనివ్వదని ఆయనకి బాగా తెలుసు. పుస్తకాల మనిషి వేసిన ఎత్తు అది.

గట్టమ్మట పరుగులాంటి నడకతో స్కూలుకి వచ్చాను. గంట కొట్టడానికి ఇంకా చాలా టైముంది. పదో క్లాసు గదిలో ఆయనొక్కరే కుర్చీలో కూచుని ఉన్నారు. పక్కనే చెక్క బీరువా, తాళమేసి ఉంది.

“నా సంచీ ఏది?”

ఆయన తడబడలేదు, బుకాయించలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. “బీరువాలో ఉందమ్మా. తీసుకో,” అన్నారు.

నోటికొచ్చినవన్నీ అన్నాను. దగా అన్నాను. పిరికితనం అన్నాను. “మీకు వంతెన ఎప్పటికీ రాదు నాన్నగారూ, వస్తే దాన్ని మీరే కూల్చేస్తారు,” అన్నాను. పెద్దవాళ్ళని అనకూడనిది అన్నాను, అన్నందుకు ఇప్పటికీ విచారం లేదు. ఆయన బల్ల అంచుని వేళ్ళతో తడుముతూ విన్నారు. నేను బీరువా తీసి సంచీ అందుకున్నాను. ముడి విప్పి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. బామ్మ శూలా, ప్రస్థానమూ నాకింక లెక్కలేదు. పది గంటల పడవ పట్టుకుంటే నాలుగులోపు కాకినాడలో ఉంటాను. ఆ వేళకి చేర్చేది అదే ఆఖరిది, ఆ తర్వాత పడవ రెండింటికి గానీ లేదు.

గుమ్మం దాకా వెళ్ళాను.

“ఒక్క పేజీ చదివి వెళ్ళమ్మా,” అన్నారు వెనకనించి. “మొదటి పీరియడ్ పాఠం. ఒక్కసారి వింటే చాలు.”

పుస్తకం నా వైపు చాచారు. చాచింది కూడా నా వైపు కాదు, నాకు జానెడు పక్కకి. గుమ్మంలో వెలుతురు ఉండటం మూలాన నేనెక్కడ నిలబడ్డానో ఆయనకి సరిగ్గా తెలియలేదు. అది చూశాక నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి వచ్చి, సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు బెంచీ మీద కూచున్నాను.

దీపస్తంభం కాపలా మనిషి గురించిన పాఠం అది. నేను చదువుకున్నప్పటి పుస్తకంలోనూ ఉండేది, కొత్త పుస్తకంలోనూ ఉంది. ఒక పేజీ చదివాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆపమనలేదు. రెండో పేజీ తిప్పాను. ఇప్పుడు లేస్తే పడవ అందుతుంది అనుకుంటూ మూడో పేజీ చదివాను. ఇప్పుడు పరిగెడితే అందుతుంది అనుకుంటూ నాలుగోది. పాఠం కింద ప్రశ్నలు కూడా చదివాను. అప్పుడు గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి, మాస్టారి అమ్మాయి బెంచీ మీద కూచుని ఎందుకేడుస్తోందో తెలియక గుమ్మంలో ఆగిపోయారు.

నన్నెవరూ కట్టెయ్యలేదు. తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఆ సంగతే నన్ను ఇన్నేళ్ళు తినేసింది.

ఇంటికొస్తే బామ్మ నా చేతిలోంచి సంచీ అందుకుని లోపల పెట్టింది. మధ్యాహ్నం కంచం ముందు కూచున్నప్పుడు, “వాడి కళ్ళ సంగతి నాకు తెలుసే. నిన్నైనా బయట పడేద్దామనుకున్నాను,” అంది.

ఆ తర్వాత రెండేళ్ళు పేపర్లు చదివాను, టిక్కులు పెట్టాను. మరుసటి ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టాను, సీటు రాలేదు. ఆ పైయేడూ రాలేదు. మంచంలో పడి బామ్మ పోయింది. నాన్నగారూ నేనూ కాకినాడ మాట ఎత్తేవాళ్ళం కాదు. అవసరమైనవి మాట్లాడుకునేవాళ్ళం. చారులో ఉప్పు సరిపోయిందా, ఆఁ, సరిపోయింది. అంతే.

ఆయనకి ఒక కోరిక ఉండేది. ఇన్నేళ్ళు చెప్పిన జాతీయాలన్నీ ఒక నోట్‌బుక్కులో శుభ్రంగా రాయించాలని. ఆయన చెప్పడం, నేను రాయడం. జాతీయం, దాని అర్థం, ప్రయోగం. ఇంగ్లీషు అక్షరాల వరసలో సాగింది. పేజీలకి నంబర్లు కూడా వేయించారు. మూడో అక్షరంలో అది వచ్చింది. క్రాస్ ద బ్రిడ్జ్. అర్థం ఆయన చెప్పినట్టే రాశాను. ప్రయోగానికి, పరీక్ష ఫలితాల గురించి ఇప్పుడే బెంగపడకు అనే అర్థంలో ఏదో వాక్యం చెప్పారు. నేను “ఆయ్, రాశానండీ,” అన్నాను.

రాయలేదు. దాని బదులు ఇంగ్లీషులో నా సొంత వాక్యం రాశాను. సొంత వాక్యమే రాయాలని నేర్పింది ఆయనే కదా! ‘వంతెన వచ్చినప్పుడు చూద్దామని మా నాన్నగారు నాతో పదేళ్ళు చెప్పి, అది వచ్చిన రోజున నా సంచీ ఎత్తుకుపోయారు’ అని. రాస్తుంటే కసిగా ఉంది. చూపు లేని మనిషి ఎదురుగా కూచుని ఆయన్నే తిడుతూ రాసి, పైకి మాత్రం ఆయన వాక్యమే చదివి వినిపించాను.

రిటైరయ్యాక ఆపరేషనుకి ఒప్పుకున్నారు. చివరికి నేను కాకినాడ వెళ్ళాను, అదే రేవులో, అదే పడవలో, ఆయన చెయ్యి పట్టుకుని. ఆపరేషను బాగా జరిగింది. కొన్నాళ్ళకి సీసా అడుగంత మందాన కళ్ళజోడు వచ్చింది. అది పెట్టుకుని మొదట నా మొహం చూశారు. “చిక్కిపోయేవమ్మా,” అన్నారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే చిక్కనూ!

ఆ రోజే నోట్‌బుక్కు ఇమ్మని అడిగారు. కసి అంతా ఎప్పుడో ఆరిపోయింది, రాత మాత్రం ఉండిపోయింది. పేజీ చింపుదామంటే నంబరు పట్టించేస్తుంది. పోయిందని అబద్ధమాడదామంటే అది ఆయన తలగడ పక్కనే ఉంది. ఎర్ర పెన్సిలు తీసుకుని అరుగు మీద కూచున్నారు. రోజుకి నాలుగైదు పేజీలు, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివేవారు. మొదటి అక్షరం అయింది. రెండోది అయింది. నేను ఇంట్లో ఏ మూల పని చేసుకుంటున్నా పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వసారాలో కత్తిపీట ముందు కూచుని కొబ్బరి కోరుతున్నాను. ఆయన వేలు ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. తర్వాత ఎర్ర పెన్సిలు ఎత్తి ఏదో పెట్టి, పుస్తకం నా వైపు తిప్పి చూపించారు.

నా వాక్యం పక్కన టిక్కు. తోక పైకి తిరిగి ఉంది. అయిదేళ్ళలో ఆయన తన చేత్తో పెట్టిన మొదటి టిక్కు అదే. నేను ఇన్నేళ్ళు పెట్టినవాటికన్నా వంకరగా ఉంది.

“ప్రయోగం సరిగ్గా ఉందమ్మా,” అన్నారు. పెన్సిలు పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అన్నారు. “ఆ వేళ నీచేత చదివించేనే, ఆ పాఠం... అది నాకు కంఠతా వచ్చును. పదిహేనేళ్ళు చెప్పేను దాన్ని.”

నా చిన్నప్పుడు ఆయన ఆ పాఠాన్ని పెరట్లో స్నానం చేస్తూ పైకి చెప్పుకునేవారు. నేను చెంబు పట్టుకుని నిలబడి వినేదాన్ని.

“తెలుసు నాన్నగారూ,” అన్నాను.

ఆ వేళ బెంచీ మీద కూచున్నప్పుడు నాకు నిజంగా తెలుసో, లేక ఇప్పుడాయన మొహం చూడలేక అలా అన్నానో, నాకు ఇప్పటికీ తేలలేదు. కొబ్బరి చిప్ప తీసుకుని మిగతా సగం కోరడం మొదలుపెట్టాను.